హన్మకొండ జూలో కొమ్ముల పాఠం

మా పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు. ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్లో) పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి కాబట్టి ప్రస్తుతానికి సిలబస్ తొందర లేదు. జంతువుల పాఠానికి హైదరాబాద్ నెహ్రూ జూ ఉండగా వరంగల్ దాకా ఎందుకని మా అత్తయ్య అడిగింది. ఆ 380 ఎకరాల్లో పిల్లలకు పరుగులతోనే సరిపోతుంది. హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూ చిన్నది. ఒకే చోట అరగంట నిలబడ్డా ఇంకేదో మిస్ అవుతున్నామన్న టెన్షన్ ఉండదు.

ఒకటే ప్రశ్న పట్టుకుని వెళ్లాం: ఎవరి కొమ్ములు ఊడి మళ్లీ వస్తాయి? చుక్కల దుప్పుల్లో ఒక మగదాని కొమ్ముల మీద ఇంకా నూగు చర్మం ఉంది. ఇంకోదానివి అప్పటికే గట్టిపడి నున్నగా ఉన్నాయి. దుప్పి కొమ్ము ఉత్త ఎముక, రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. కృష్ణజింకకు ఎముక మీద గోరులాంటి తొడుగు ఉంటుంది, బతికినన్నాళ్లూ అవే కొమ్ములు. "మరి బర్రెకి?" అన్నాడు చిన్నోడు. అదీ కృష్ణజింక పార్టీయే అన్నాను.

అసలు పాఠం మాత్రం మేం అనుకోనిది. నీడలో పడుకుని నెమరేస్తున్న ఒక ఆడ దుప్పి గొంతులో ముద్ద కిందికి జారింది. కాసేపటికి ఇంకోటి పైకి ఎగబాకింది. మా అమ్మాయి ఒక్కో ముద్దను ఎన్నిసార్లు నములుతోందో గీతలు గీసుకుంటూ కూర్చుంది. పుస్తకంలో నాలుగు గదుల పొట్ట బొమ్మ ఎన్నిసార్లు చూపించినా పట్టించుకోని పిల్ల!

ఎలుగుబంటి నిద్రలో ఉంది. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవని, ఆ సందులోంచే చెదపురుగుల్ని పీల్చుకుంటుందని నోటితో చెప్పాల్సి వచ్చింది. చిరుత తోక తప్ప కనిపించలేదు. పెద్ద జంతువుల సందడే కావాలంటే మాత్రం నెహ్రూ జూయే మేలు.

సికింద్రాబాద్ నుంచి రైల్లో వచ్చేవాళ్లు వరంగల్ దాకా పోకుండా కాజీపేటలో దిగితే హన్మకొండ దగ్గర. రాత్రి మేం దిగిన లాడ్జిలో ఎక్స్‌ట్రా పరుపుకి విడిగా డబ్బు తీసుకుని, ఇచ్చింది మాత్రం బొంత. ఫ్యాన్ చప్పుడు సరేసరి. ఈసారి పొద్దున రైలుకి వచ్చి, మధ్యాహ్నం వేయి స్తంభాల గుడి కూడా చూసుకుని, సాయంత్రం రైలెక్కేస్తాం.