మంచి సెట్టు విన్న తరువాత మన సెట్టు: డైమండ్ 12.1తో కొన్నేళ్ళు

2021 నుంచి నా దగ్గర ఒక జత వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1 స్పీకర్లు, వాటిని నడిపే మరాంట్జ్ పీఎం6007 ఆంప్లిఫయర్ ఉన్నాయి. రెండూ మార్కెట్లోకి వచ్చిన కొత్తలో వీటి మీద చాలా సమీక్షలు వచ్చాయి కాబట్టి అట్టపెట్టె విప్పిన ముచ్చట్లు ఇక్కడ చెప్పబోను. కొన్నేళ్ళు రోజూ వాడి, మధ్యలో వీటికంటే ఎన్నో మెట్లు పైనున్న సెట్టును తీరిగ్గా విన్న తరువాత, నా సెట్టు మీద నాకున్న తృప్తి ఏమైందన్నదే ఈ సమీక్షకు విషయం. నాలాంటి మధ్యస్థపు సెట్టు పెట్టుకున్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం ఎదురు కాక తప్పదు.

ముందు వస్తువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. డైమండ్ 12.1లో కింది స్వరాలకు 130 మిల్లీమీటర్ల వూఫర్, పై స్వరాలకు 25 మిల్లీమీటర్ల గుడ్డ డోమ్ ట్వీటర్ ఉంటాయి. సెన్సిటివిటీ, అంటే అందిన విద్యుత్తుకు స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత, 88 డెసిబెళ్ళు. కింది స్వరాలు 65 హెర్ట్జ్ దాకా నిబ్బరంగా పలుకుతాయి, ఆ దిగువన పలచబడతాయి. పీఎం6007 ఎనిమిది ఓముల స్పీకర్లకు ఛానెల్‌కు 45 వాట్లు ఇస్తుంది. మియాపూర్‌లో మేముండే ఫ్లాటులో వీటికి దొరికిన చోటు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది. అందులో మంచం, బీరువా, బాల్కనీలోకి వెళ్ళే తలుపు పోగా స్టాండ్లకు మిగిలింది గోడవార జాగా. నేను వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, తరువాత పాత తెలుగు పాటలు. ఈ రెండింటికీ డైమండ్ల స్వభావం సరిపోతుంది. గాత్రం ముందుకు దూకి చెవిలో గుచ్చుకోదు, వయొలిన్ పై స్థాయిలో కీచుమనదు, గంటల తరబడి విన్నా తల బరువెక్కదు. ఆంప్లిఫయర్ అయితే ఇన్నేళ్ళలో ఒకటి ఉందన్న సంగతే గుర్తు చేయలేదు. ఆ పరికరానికి అంతకు మించిన మెచ్చుకోలు నాకు తెలియదు.

మా అక్కా బావగారూ ఉండేది సైనిక్‌పురిలో, సొంత ఇంట్లో. బావగారు ఉద్యోగ విరమణ తరువాత హార్బెత్ సూపర్ హెచ్ఎల్5 ప్లస్ స్పీకర్లు కొన్నారు. బీబీసీ పరిశోధన విభాగంలో పనిచేసిన డడ్లీ హార్వుడ్ 1977లో పెట్టిన కంపెనీ అది. పల్చటి చెక్క పలకల పెట్టెతో స్పీకరు కట్టే బీబీసీ పద్ధతిని ఇప్పటికీ వదలలేదు. రెండడుగుల పైచిలుకు ఎత్తు, 200 మిల్లీమీటర్ల వూఫర్, దాని పైన రెండు ట్వీటర్లు, కింద 40 హెర్ట్జ్ దాకా పలుకుబడి. ఖరీదు నా స్పీకర్లకు పదింతలకు పైమాటే. ఇరవై రెండడుగుల హాలులో, వెనుక గోడకు నాలుగడుగులకు పైగా దూరంలో, అటూ ఇటూ పుస్తకాల బీరువాల మధ్య వాటిని నిలబెట్టుకున్నారు.

అక్కడ నేను విన్నది నాకు ఇంట్లో కంఠతా వచ్చిన ఒక కచేరీ రికార్డింగే. మొదట పట్టుకున్నది తంబుర. మా గదిలో అది గాయకుడి వెనుక ఒక పరదాలా ఉంటుంది. అక్కడ మాత్రం తీగ తీగకూ మీటు వేరుగా తెలిసింది, ఒక తీగ నాదం ఆరకముందే రెండోది లేవడం వినిపించింది. తరువాత మృదంగం. తొప్పి మీద, అంటే మృదంగం ఎడమ ముఖం మీద, అరచేయి జారుస్తూ పలికించే గుమ్కీ, చర్మం లోపలికి నొక్కుకుపోయి మళ్ళీ పైకి లేచేదాకా మొత్తం వినిపించింది. మా ఇంట్లో ఆ గుమ్కీకి మొదలు, చివర తెలిసేవి, నడుమ ఉండే బరువు తెలిసేది కాదు. గాయకుడి గొంతు సంగతి సరేసరి. ఛాతీ నుంచి వచ్చే గొంతుకు ఎంత నిండుదనం ఉంటుందో అంతా అక్కడ ఉంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అదే రికార్డింగు పెట్టుకుంటే వినబుద్ధి కాలేదు. గొంతు పీలగా, తొప్పి అట్ట మీద కొట్టినట్టుగా, మొత్తం సంగీతం ఒక కిటికీలోంచి వస్తున్నట్టుగా తోచింది. అంతకు ముందురోజు వరకు ఇవేవీ లోపాలుగా కనిపించలేదు, ఒక్క పూటలో స్పీకర్లు పాడైపోనూ లేదు. ఒక వారం గడిచేసరికి ఆ పీలదనం చాలావరకు తగ్గిపోయింది. చెవి తన ముందు నిత్యం ఉండే ధ్వనినే కొలమానంగా పెట్టుకుంటుంది. పెద్ద సెట్టు దగ్గర రెండు గంటలు కూర్చుంటే ఆ కొలమానం అటు జరుగుతుంది, సొంత సెట్టుతో కొన్నాళ్ళు గడిపితే ఇటు వస్తుంది. అందుకే మంచి సెట్టు విన్న రాత్రి తన సెట్టు మీద తీర్పు చెప్పడం, ఆ తీర్పును నమ్మి మర్నాడు షోరూముకు వెళ్ళడం, జేబుకు మంచిది కాదు.

నా అసంతృప్తి అంతా అలా వారంలో కరిగిపోలేదు. గొంతులోని ఆ నిండుదనం లేకపోవడం, తొప్పి బరువు లేకపోవడం నెల దాటినా గుర్తొస్తూనే ఉన్నాయి. వీటిలో స్పీకరు వల్ల వచ్చిన తేడా ఎంతో, గది వల్ల వచ్చిన తేడా ఎంతో తేల్చుకోవాలనిపించింది. ఒక ఆదివారం నా డైమండ్లను దుప్పట్లలో చుట్టి, కారు వెనుక సీట్లో పెట్టుకుని సైనిక్‌పురి తీసుకెళ్ళాను. సూక్ష్మమైన ధ్వని వివరాలను మన జ్ఞాపకం కొద్ది సెకన్లకు మించి పట్టి ఉంచలేదు. కాబట్టి ఇక్కడ విని, పాతిక కిలోమీటర్లు ప్రయాణం చేసి, అక్కడ విని పోల్చడం కంటే రెంటినీ ఒకే చోట, ఒకే ఆంప్లిఫయర్ మీద, వెంటవెంటనే వినడమే సరైన పద్ధతి.

వాల్యూమ్ విషయంలో ఒక జాగ్రత్త అవసరమైంది. హార్బెత్ సెన్సిటివిటీ 86 డెసిబెళ్ళు, నా వాటిది 88. నాబ్ ముట్టుకోకుండా తీగలు మాత్రం మారిస్తే నావే రెండు డెసిబెళ్ళు గట్టిగా మోగుతాయి. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని 'గట్టిగా ఉంది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. అందుకని ఫోనులో ధ్వనిమాపక యాప్ పెట్టుకుని రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చాము. చూసి వినడం వల్ల తీర్పు పక్కకు పోతుందని ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లోనే ప్రయోగం చేసి చూపించారు. ఏ స్పీకరు మోగుతోందో తెలిసినప్పుడు శ్రోతలు వేసిన మార్కులకూ, తెలియనప్పుడు వేసిన మార్కులకూ పొంతన కుదరలేదు. ఆ మాట విన్న మా మేనకోడలు బావగారి పల్చటి పంచె ఒకటి అడ్డం కట్టి, వెనుక నిలబడి తీగలు మార్చే పని తన మీద వేసుకుంది.

మృదంగం మోగుతున్నంతసేపూ ఏది ఏదో చెప్పడం నాకు కష్టం కాలేదు. తొప్పి మీద మొదటి దెబ్బకే తెలిసిపోయేది. కానీ ఆలాపనలో, అంటే గాత్రం, తంబుర, వెనుక వయొలిన్ మాత్రమే ఉన్నచోట, నేను తడబడ్డాను. బావగారూ తడబడ్డారు. నెల రోజులుగా నేను హార్బెత్‌కు కట్టబెడుతున్న గొంతు నిండుదనంలో పెద్ద వాటా నా డైమండ్ల దగ్గరా ఆ హాలులో వినిపించింది. బావగారు నవ్వుతూ, "ఏమోయ్, నీ డబ్బాలు మా ఇంట్లో పాడినట్టు మీ ఇంట్లో పాడవేం?" అన్నారు.

కారణం వెనుక గోడలో ఉంది. కింది స్వరాలు స్పీకరు ముందువైపే కాక అన్ని వైపులకూ వ్యాపిస్తాయి. వెనక్కి వెళ్ళిన తరంగం గోడకు తగిలి తిరిగి వచ్చి ముందుకు వెళ్ళేదానితో కలుస్తుంది. మా గదిలో స్పీకర్ల ముఖానికీ గోడకూ మధ్య దూరం రెండడుగులు. పోను రెండు, రాను రెండు, మొత్తం నాలుగడుగుల ప్రయాణం. ఎనిమిదడుగుల తరంగానికి అది సరిగ్గా సగం కాబట్టి తిరిగి వచ్చిన తరంగం ముందున్నదానికి ఎదురు తిరిగి దాన్ని తగ్గిస్తుంది. ఎనిమిదడుగుల తరంగం అంటే సుమారు 140 హెర్ట్జ్. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జం సుమారు 139 హెర్ట్జ్. అంటే గాయకుడు ఏ స్వరం మీద నిలబడి పాడతాడో, సరిగ్గా ఆ స్వరానికే మా గోడ గండి కొడుతోంది. ఇంటికి వచ్చాక స్టాండ్లను మరో అడుగు ముందుకు జరిపితే ఆ గండి 94 హెర్ట్జ్ దగ్గరికి, గాయకుడు అరుదుగా దిగే మంద్రంలోకి వెళ్ళిపోయింది. అలా జరిపితే బాల్కనీ తలుపు సగమే తెరుచుకుంటుంది కాబట్టి వినే వేళకు ముందుకు లాగి, ఆ తరువాత వెనక్కి నెట్టడం అలవాటయింది. దీనికి పైసా ఖర్చు కాలేదు. ఇప్పుడు ఇంట్లో వినే గొంతు మీద నాకు ఫిర్యాదు లేదు.

తొప్పి బరువు మాత్రం ఏ జరుపుడుకూ రాలేదు, రాదు కూడా. అది వూఫర్ వైశాల్యానికీ, పెట్టె లోపలి గాలి పరిమాణానికీ సంబంధించిన విషయం. 130 మిల్లీమీటర్ల కోను 200 మిల్లీమీటర్ల కోను కదిలించినంత గాలిని కదిలించలేదు. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం పోటాపోటీగా లేచినప్పుడు కూడా తేడా తెలుస్తుంది. హార్బెత్‌లో ఆ ఉధృతి తేలికగా పైకి పోతుంది, నా వాటిలో ఒక స్థాయి దాటాక అన్ని దెబ్బలూ ఒకే ఎత్తున సర్దుకుంటాయి. ఇది ఆంప్లిఫయర్ లోటు కాదు. నేను వినే స్థాయిలో, అంటే కూర్చున్న చోట సుమారు 75 డెసిబెళ్ళ దగ్గర, ఈ స్పీకర్లకు సగటున ఒక్క వాటు కూడా పట్టదు. 45 వాట్లలో ఎక్కువ భాగం ఎప్పుడూ నిలవలోనే ఉంటాయి. అందుచేత ఇంకా ఖరీదైన ఆంప్లిఫయర్ కొనాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

అడుగు స్వరాలకు విడిగా పెట్టుకునే సబ్‌వూఫర్ పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పీఎం6007 వెనుక దానికి సాకెట్టు కూడా ఉంది. కానీ పన్నెండడుగుల పొడవు ఉన్న గది 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల వెడల్పు 56 దగ్గర తనంతట తానే హోరెత్తుతుంది. మా గదికి ఎత్తు కూడా పదడుగులే కాబట్టి 56 దగ్గర ఆ హోరు రెట్టింపు. అక్కడ సబ్‌వూఫర్ పెడితే తొప్పి బరువు రాకపోగా ప్రతి దెబ్బ వెనుకా ఒక మూలుగు వస్తుంది. హార్బెత్‌నే తెచ్చి ఆ గదిలో పెట్టినా ఇంచుమించు ఇదే గతి పడుతుంది. ఈ లెక్క వేసుకున్నాక నా అసూయ సగానికి పైగా బావగారి స్పీకర్ల మీద నుంచి బావగారి హాలు మీదకు మళ్ళింది.

పాత పాటల విషయంలో ఫలితం మరోలా వచ్చింది. 1950ల నాటి ఘంటసాల మోనో రికార్డింగులు హార్బెత్ మీద నాకు అంతగా రుచించలేదు. టేపు బుసబుస, ఎడిటింగులో నాదం తెగిన చోట్లు, ఆర్కెస్ట్రా అంతా ఒకే మైకు ముందు ఇరుక్కుపోవడం, ఇవన్నీ పాటతో సమానంగా బయటపడ్డాయి. డైమండ్లు వాటిని దాచవు, అలాగని ఎత్తి చూపవు. ఆ రికార్డింగుల్లో నిజంగా ఉన్నది గొంతు, దాన్ని ఇవి పూర్తిగా ఇస్తాయి. ఆకాశవాణి పాత నాటకాలూ, సంగీత కార్యక్రమాలూ కూడా అంతే. మీ సేకరణలో ముప్పాతిక భాగం ఇలాంటివే అయితే, పది రెట్లు డబ్బు పోసి కొన్న స్పీకరు ఆ ముప్పాతికకు పెద్దగా చేసేదేమీ లేదు.

నష్టం జరగలేదని కూడా అనలేను. సైనిక్‌పురి వెళ్ళి వచ్చిన తరువాత చాలాకాలం రాగం వింటూ వింటూ తొప్పి కోసం చెవి ఒగ్గడం, అది రాకపోతే కీర్తన మధ్యలో చిరాకు పడడం జరిగింది. తృప్తి తగ్గడం కంటే ఈ పరధ్యానమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. వీణ కచేరీలే మళ్ళీ దారిలో పెట్టాయి. వీణ నాదంలో డైమండ్లకు చేతకానిది చాలా తక్కువ, మీటు పదునూ, గమకంలో తీగ సాగే తీరూ శుభ్రంగా వస్తాయి కాబట్టి చెవి వెతుక్కోవడం మానేసింది.

ఈ స్పీకర్లు కొనాలనుకునేవారికి నా సిఫారసు ఇప్పటికీ అదే. చిన్న గదిలో గాత్రం, వీణ, వయొలిన్, పాత పాటలు వినేవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. తాళవాద్యాలే ప్రాణమైనవారు, పెద్ద హాలు ఉన్నవారు ఇంకా పెద్ద వూఫర్ వైపు చూడాలి. ఇప్పటికే ఇవి ఉండి, ఎక్కడో మంచి సెట్టు విని మనసు విరిగినవారు ఒక నెల ఆగి, అప్పటికీ మిగిలిన లోటును కాగితం మీద రాసుకుని, స్పీకర్లను గోడకు దూరంగా జరిపి చూడాలి. నేనైతే ఈ ఫ్లాటులో ఉన్నంతకాలం వీటిని మార్చను. పెద్ద హాలున్న ఇంటికి మారితే ముందు స్పీకర్లు మారుస్తాను, మరాంట్జ్‌ను మాత్రం వెంట తీసుకుపోతాను.