గండికోట లోయ అంచు: పదిహేను నిమిషాల నడక, చివర్లోనే జాగ్రత్త

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. బండి కోటగుమ్మం దాటి లోపలి ఊళ్లోకే పోతుంది కాబట్టి కొండెక్కే పని లేదు. జామా మసీదు దగ్గర దిగి, రంగనాథస్వామి గుడి వైపు నడిస్తే పది పదిహేను నిమిషాల్లో పెన్న లోయ కాళ్ల ముందుంటుంది. కడప జిల్లాలో ఇంత తక్కువ నడకకు ఇంత పెద్ద దృశ్యం ఇంకోటి లేదు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుడి దాకా నిమ్మళంగా పోవచ్చు. ఆ తర్వాత ఉండేది దారి కాదు, బండలు. ఇక్కడి రాయి ఎర్రటి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి. అడ్డంగా, నిలువుగా తిన్నటి గీతల వెంబడి పగులుతుంది, అందుకే పెట్టెలు పేర్చినట్టు దిమ్మెలు దిమ్మెలుగా కనిపిస్తుంది. దిమ్మెల మధ్య సందు ఒకచోట జానెడు, ఇంకోచోట మనిషి దూరేంత. కాలు మెలికపడేది ఇక్కడే. రాయి పైభాగం నున్నన, దానిమీద సన్నటి ఇసుక. హవాయి చెప్పులు ఖచ్చితంగా జారతాయి, తుంపర పడితే బూట్లూ జారతాయి. నీళ్లసీసాలు వీపుసంచిలో వేసుకుని చేతులు రెండూ ఖాళీగా ఉంచుకోండి.

అంచున చాలాచోట్ల కంచె లేదు, కింద దాదాపు 300 అడుగుల లోతు. రెండు బారల వెనకే ఆగి, కూర్చుని చూడండి. ఫొటో కోసం వెనక్కి నడవొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు.

వేళ తప్పితే సగం అందం పోయినట్టే. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు లోయలో నీడలుండవు, రాయి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, తలదాచుకోను చెట్టు కూడా ఉండదు. తొలి ఎండలో అదే గోడ కాల్చిన ఇటుక రంగుకు తిరుగుతుంది, ఒక్కో పగులూ విడివిడిగా తెలుస్తుంది. అందుకే టూరిజం వాళ్ల హరిత హోటల్లో రాత్రి ఉండి, చీకటితోనే టార్చి పట్టుకుని బయల్దేరడం మేలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, వానల తర్వాతైతే కింద నీళ్లు నిండుగా ఉంటాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. తినేవి చేతిలో కనబడితే కోతులు వదలవు.

తిరుగుదారిలో ధాన్యాగారం చూడకుండా రావొద్దు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసింది ఈ కోటలోనే. ఎండ ముదరకముందే మాధవరాయస్వామి గుడి గోపురానికీ ఒక అరగంట ఉంచుకోండి.