ఎండ్-ఫెడ్ యాంటెన్నా కిట్: తీగ మేలు, కెపాసిటర్ నాసి

మధ్యలో ఫీడ్ ఇచ్చే డైపోల్ యాంటెన్నాకి చోటు లేని హామ్ రేడియో వాళ్లకు, ఒక కొస నుంచే ఫీడ్ ఇచ్చే ఈ హాఫ్-వేవ్ (అర తరంగదైర్ఘ్యం తీగ) కిట్ బాగా పనికొస్తుంది. 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లు ట్యూనర్ (యాంటెన్నాని రేడియోకి సరిపెట్టే పెట్టె) లేకుండానే దాదాపు సర్దుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎఫ్‌టీ240-43 ఫెర్రైట్ కోర్ మీద 2 చుట్లకు 14 చుట్లు, అంటే ఇంపెడెన్స్ నిష్పత్తి (7 వర్గం) 49:1. చుట్టేటప్పుడు ఎనామెల్ గీసుకుపోకుండా చూడాలి.

ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్‌కి అడ్డంగా వేయడానికి కిట్‌లో ఇచ్చిన 100 పీఎఫ్ (పికోఫారడ్) కెపాసిటర్‌ని మాత్రం నమ్మకండి. దాని బదులు 3 కేవీ (3,000 వోల్టులు) తట్టుకునేది వేయండి. పవర్ పెంచినప్పుడు అది పోతే 10 మీటర్లలో ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) ఎగబాకుతుంది.

తీగని తొందరపడి కత్తిరించొద్దు. 7.1 మెగాహెర్ట్జ్‌కి సుమారు 20 మీటర్లు కావాలి. కొస వెనక్కి మడుస్తూ, కొలుస్తూ తగ్గించాలి.

కిట్‌లో చోక్ (కోక్స్ కేబుల్ బయటివైపు పారే కరెంట్‌ని ఆపేది) ఇవ్వకపోవడం పిసినారితనమే. అది లేకపోతే కోక్స్ లోహపు అల్లిక (షీల్డ్) కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది, మైక్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. రేడియో వైపు కోక్స్‌కి ఫెర్రైట్ చోక్ తప్పనిసరి.