కాచిన నీరా, క్లోరిన్ కలిపిన నీరా?

వరదలోనో భూకంపంలోనో కుళాయి నీటిని నమ్మలేని పరిస్థితి వచ్చినప్పుడు, పొయ్యి, ఇంధనం అందుబాటులో ఉంటే నీటిని కాచడానికే నేను మొదటి స్థానం ఇస్తాను. మడ్డిగా ఉన్న నీటిని ముందు తేరనిచ్చి, శుభ్రమైన గుడ్డతో వడగట్టి, బుడగలు అడుగు నుంచి తెర్లుతూ పైకి వచ్చాక ఒక నిమిషం పాటు అలాగే మరగనివ్వాలి. 2,000 మీటర్లకు మించిన ఎత్తులో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక 3 నిమిషాలు అవసరం. బాక్టీరియా, వైరస్‌లే కాక, క్లోరిన్‌కు సులువుగా లొంగని క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మ పరాన్నజీవి కూడా ఈ వేడికి చస్తుంది.

ఇంధనం లేనప్పుడు క్లోరినే దిక్కు. సువాసనలు, రంగులు కలపని, 5-6 శాతం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్‌నిచ్చే రసాయనం) ఉన్న ద్రవ బ్లీచ్‌ను లీటరు తేట నీటికి 2 చుక్కల చొప్పున కలిపి 30 నిమిషాలు ఆగాలి. అప్పుడు మూత తీస్తే లీలగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అంతే మోతాదు మరోసారి వేసి 15 నిమిషాలు వేచి ఉండాలి. నీటిలో మిగిలిన క్లోరిన్ తరువాతి కాలుష్యాన్ని కొంతవరకు అడ్డుకుంటుంది. కాచిన నీటికి ఆ రక్షణ లేదు. ముంచిన చెయ్యి శుభ్రంగా లేకపోతే పడిన శ్రమంతా వృథా.

పురుగుమందులు, పెట్రోలు వంటివి కలిసిన నీటిని మాత్రం ఈ రెండూ బాగుచేయలేవు కనుక, దాన్ని వదిలేసి సీలు తీయని సీసా నీటి కోసమే ప్రయత్నించాలి.