ఉప్పుగాలి ఊళ్లో వంటింటి అరలు: కడప బండ, ప్లైవుడ్, డబ్ల్యూపీసీ ఏళ్ల తరబడి వాడాక

కావలి లాంటి ఊళ్లో వంటింటి అరలు ముందు పాడయ్యేది స్క్రూల దగ్గర, కోసిన అంచుల దగ్గర. సముద్రపు గాలిలో ఉప్పు ఇనుమును తినేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురుకు చెక్క అంచుల్లోంచి తేమ లోపలికి దిగుతుంది. మా వంటింట్లో గట్టు కింద కడప బండలు, గట్టు పైన ప్లైవుడ్, ఒక మూల డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బోర్డు ఉన్నాయి. 2018లో బిగించినవి. మూడింటికీ గాలి ఒకటే, వాడకం ఒకటే కాబట్టి తేడా బాగా తెలుస్తోంది.

గట్టు కిందకి కడప బండను మించింది లేదు. చెదలు పట్టవు, తడిగుడ్డతో రోజూ తుడిచినా ఏమీ కాదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, 20 మి.మీ. మందం ఉన్న బండ దాదాపు 15 కిలోలు తూగుతుంది, బిగించేటప్పుడు ఇద్దరుండాలి. కొనేటప్పుడు బండ మీద నీళ్లు చల్లి ఆరేదాకా చూడండి. బండంతా ఆరాక కూడా ఎక్కడైనా నల్లటి గీత తడిగా మిగిలితే అక్కడ నెర్రె ఉన్నట్టే. అలాంటి బండ చెప్పకుండా విరుగుతుంది. తొమ్మిది అంగుళాల గోడైతే అంగుళం లోతు గాడి కోసి, తడిపి, 1:3 సిమెంటు మాలుతో (సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు) బండను కూర్చోబెట్టాలి. నాలుగున్నర అంగుళాల గోడకు గాడి జోలికి పోవద్దు, నిలువు బండల మీదే ఆనించాలి. నిలువు బండల మధ్య దూరం మూడడుగులు దాటకూడదు. కింద ఊతకర్రలు పెట్టి వారం పాటు తడపండి, ఆ తర్వాతే సామాను పెట్టండి.

దీనికున్న లోపం ఒక్కటే, పులుపు. కడప బండ సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పాలిష్ పోయి తెల్లగా మచ్చ కడుతుంది. మా ఇంట్లో ఊరగాయ జాడీ పెట్టిన చోట ఉంగరంలా తెల్లటి వలయం అలాగే ఉండిపోయింది. నూనె రాస్తే నాలుగు రోజులు కనపడదు, అంతే. జాడీలుండే అర ఒక్కదానికీ చీమకుర్తి గ్రానైట్ ముక్క వేసుకోవడం మేలు, దానికి ఇంట్లో పులుపుతో భయం లేదు.

గట్టు పైన మాత్రం ప్లైవుడ్. 19 మి.మీ. మందం, షీటు మీద ఐఎస్ 710 ముద్ర (నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) చూసి తీసుకోండి. మామూలు ఎంఆర్ రకం (కొద్దిపాటి తేమను మాత్రమే తట్టుకునేది) హాల్లో షోకేసుకు సరిపోతుంది గానీ వంటింటికి పనికిరాదు. బ్రాకెట్ల మధ్య దూరం రెండడుగులు చాలు. అదే బరువుకు దూరం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిది రెట్లవుతుంది, పప్పుల డబ్బాలు వరసగా పెట్టే అర నడుం వంగేది అందుకే. సన్‌మైకా పైన ఒక్క వైపే అంటిస్తే బోర్డు మెలి తిరుగుతుంది, కింద కూడా పలచటిదైనా అంటించాలి. గోడ వైపు అంచు ఎవరికీ కనపడదని వడ్రంగులు వదిలేస్తారు. తేమ దిగేది సరిగ్గా అక్కడే. నాలుగు అంచులకూ ప్రైమరు, ఆపైన రెండు పూతలు ఎనామెల్ రంగు వేయించి, గోడకు ఐదారు మి.మీ. సందు వదలండి.

గోడ పని తొందరపడేది కాదు. రసమట్టంతో గీత గీసి, స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా కిందా ఎక్కడా డ్రిల్లు పెట్టకండి, వైర్లు అక్కడే పోతాయి. టైలు మీద ముందు డ్రిల్లులో హ్యామర్ (దెబ్బ కొట్టే) మోడ్ ఆపి టైలు బిట్‌తో దాటాలి, ఇటుక తగిలాకే హ్యామర్. ప్లాస్టరే అర అంగుళానికి పైగా ఉంటుంది కాబట్టి, 10 మి.మీ. ప్లగ్గుకు 70 మి.మీ. లోతు రంధ్రం వేసి, దుమ్ము ఊదేసి, ప్లగ్గు మొత్తం ఇటుకలోకి దిగేలా కొట్టండి. ప్లాస్టర్‌లోనే ఆగిన ప్లగ్గు బరువు పడగానే పెళ్లతో సహా ఊడొస్తుంది. బ్రాకెట్ పొడవు కాలు గోడకు, పొట్టి కాలు అర కిందకు రావాలి. లాగుడంతా పై స్క్రూ మీదే పడుతుంది. ఏఏసీ దిమ్మెల (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెల) గోడకు మామూలు ప్లగ్గులు పట్టవు, వాటికి విడిగా దొరికే పొడవాటివి వాడాలి.

స్క్రూలు ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకం) అడగండి. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని కొట్లో చెప్తారు గానీ, 202 రకానికీ పెద్దగా అంటదు, అది మాత్రం ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. పౌడర్ కోటింగ్ బ్రాకెట్లకు తుప్పు మొదలయ్యేది స్క్రూ బిగించేటప్పుడు రంగు లేచిన చోటే. నైలాన్ వాషరు వేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

డబ్ల్యూపీసీ నీళ్లకు, చెదలకు లొంగదు. అయితే బరువు మోయడంలో వెనకబడింది. రెండడుగులకే కొద్దిగా నడుం వంగింది, స్క్రూ ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే పట్టు తగ్గింది. సింకు పక్కన సబ్బులు, గ్లాసులు పెట్టుకోవడానికి చాలు. పొయ్యి వేడి తగిలే చోట వద్దు.

ఏటా వానలకు ముందు, సెప్టెంబరులో, బ్రాకెట్ల పై స్క్రూలు చేత్తో ఒకసారి బిగించి చూడండి. వదులుగా తిరిగితే ఇంకా బిగించినా లాభం లేదు, పాత ప్లగ్గు పీకి 12 మి.మీ. ప్లగ్గు, దానికి సరిపోయే స్క్రూ వేయాల్సిందే.