టార్కిర్ డ్రాగన్‌స్టార్మ్: అందరూ కలిసి బాక్స్ కొనాలా, ఎవరి కమాండర్ డెక్ వాళ్లు కొనుక్కోవాలా?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో టార్కిర్ డ్రాగన్‌స్టార్మ్ అనే సెట్ 2025 ఏప్రిల్ 11న దుకాణాల్లోకి వచ్చింది. అప్పటి నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే, ప్యాకెట్ల బాక్స్ ఒకటి అందరూ కలిసి కొనాలా, లేక ఆడటానికి సిద్ధంగా వచ్చే కమాండర్ డెక్ ఎవరిది వాళ్లు కొనాలా అని. మిర్యాలగూడలో ఉన్న మా తమ్ముడు అడిగాడు, దేవరకొండ నుంచి ఇద్దరు అడిగారు, నిన్న రాత్రి మహబూబ్‌నగర్ నుంచి ఒకతను ఫోన్ చేసి "అన్నా, బాక్స్ తీసుకోవాల్నా, డెక్ తీసుకోవాల్నా?" అన్నాడు. నల్లగొండలో మేం ఐదుగురం వారం రోజులు ఇదే వాదించుకుని చివరికి బాక్స్ తెచ్చుకున్నాం. ఎందుకు తెచ్చుకున్నామో చెప్తాను, మీ ఊళ్లో లెక్క వేరేగా ఉంటే మీరు డెక్‌లే తీసుకోండి.

ముందు డబ్బు సంగతి. మన దగ్గర ధరలు షాపు షాపుకీ మారతాయి కాబట్టి సెట్ వచ్చినప్పుడు కంపెనీ అమెరికాలో పెట్టిన ధరతోనే పోల్చుకుందాం. ప్లే బూస్టర్ ప్యాకెట్ (లోపల ఏ కార్డులున్నాయో విప్పేదాకా తెలియదు) 5.49 డాలర్లు, కమాండర్ డెక్ 44.99 డాలర్లు. అంటే ఒక డెక్ డబ్బుతో ఎనిమిది ప్యాకెట్లు వస్తాయి. ఈ సెట్ బాక్సులో ప్యాకెట్లు 30, ఇంతకుముందు బ్లూంబరో, ఫౌండేషన్స్ లాంటి సెట్లకు 36 ఉండేవి. మొత్తం మీద నాలుగు డెక్‌ల డబ్బు పెడితే ఒక బాక్స్ వచ్చి కొంచెం మిగులుతుంది. నలుగురు దోస్తులు ఉంటే పెట్టే డబ్బు ఎటైనా దాదాపు ఒకటే, కాబట్టి ధర చూసి తేల్చుకునే విషయం కాదిది.

కమాండర్ డెక్‌లో ఉన్న సుఖం నాకూ తెలుసు. డబ్బా తెరిచావా, వంద కార్డులు సిద్ధంగా ఉన్నాయి, కూర్చుని ఆడటమే. ఈసారి టార్కిర్ కథలోని ఐదు తెగలకు తెగకు ఒకటి చొప్పున ఐదు డెక్‌లు వచ్చాయి. అబ్జాన్ ఆర్మర్ గట్టి క్రీచర్లను (పోరాడే జీవుల కార్డులను) నిలబెట్టి వాటి టఫ్‌నెస్‌నే, అంటే దెబ్బ తట్టుకునే బలాన్నే, ఆయుధంగా వాడుతుంది, జెస్కాయ్ స్ట్రైకర్ వరసగా స్పెల్స్ (మంత్రాల కార్డులు) వేసుకుంటూ పోతుంది, సుల్తాయ్ అరిజన్ ఆట అంతా గ్రేవ్‌యార్డ్‌లోనే (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పలోనే) నడుస్తుంది, మార్డు సర్జ్ ఆగకుండా దాడి చేస్తుంది, టెమూర్ రోర్‌లో పెద్ద పెద్ద డ్రాగన్లు. ఐదుగురికి ఐదు, ఎవరికీ ఇంకొకరిది రాదు. దాచుకున్నంత కాలం అది నీ డెక్, దసరాకు తీసినా సంక్రాంతికి తీసినా అదే డెక్. మంచి విషయమే ఇది, కాదనను.

కానీ మా దగ్గర అసలు సమస్య కార్డులు కాదు, కూర్చునే మనుషులు. హైదరాబాద్‌లో అయితే ఏ వారాంతమైనా షాపుకు పోతే ఎవరో ఒకరు టేబుల్ మీద దొరుకుతారు. నల్లగొండ నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల దగ్గర, ఎల్బీ నగర్‌లో దిగి మళ్లీ సిటీ బస్సు పట్టుకోవాలి, ప్రతి ఆదివారం అయ్యే పని కాదు. కాబట్టి ఇక్కడ ఆట నడవాలంటే ఇక్కడే ఉన్న నలుగురైదుగురితో నడవాలి, ఎవరైనా రాకపోతే ఆ చోట పక్కింటి పోరడినో, సెలవులకు వచ్చిన చుట్టాన్నో కూర్చోబెట్టాలి. చేతిలో ఒక్క కార్డు కూడా లేని మనిషి మా ఇంటికి వచ్చి అప్పటికప్పుడు సమానంగా కూర్చుని ఆడగలడా లేడా అన్నదే నాకు తేల్చే విషయం. మిగతావన్నీ దాని తర్వాతే.

మా అక్క కొడుక్కు పదకొండేళ్లు, ఈ వేసవి సెలవులంతా మా ఇంట్లోనే ఉన్నాడు. వాడికి ముందు మార్డు డెక్ అరువు తెచ్చిచ్చాం. కమాండర్‌లో ల్యాండ్లు (మిగతా కార్డులు వేయడానికి శక్తినిచ్చే కార్డులు) తీసేస్తే అరవై పైచిలుకు కార్డులు, బేసిక్ ల్యాండ్ తప్ప ఏదీ రెండోసారి రాదు, అన్నీ ఇంగ్లిష్‌లోనే, కొన్నింటి మీద ఆరేడు లైన్ల రాత. తనవే కాదు, ఎదుటి ముగ్గురివీ చదవాలి. నలభై లైఫ్‌తో నలుగురి ఆట కాబట్టి గంటన్నర, రెండు గంటలు సాగుతుంది, ముందే ఓడినవాడు ఉత్తగా కూర్చుంటాడు. మావాడు గంట తర్వాత లేచి పనగల్ చెరువుకు పోతానన్నాడు. వాడి తప్పేం లేదు.

బాక్స్ ప్యాకెట్లతో ఆడే డ్రాఫ్ట్‌లో పద్ధతే వేరు. తలా మూడు ప్యాకెట్లు, ఒక కార్డు తీసుకుని మిగతావి పక్కవాడికి జరపడం, మొదటిది ఎడమకు, రెండోది కుడికి, మూడోది మళ్లీ ఎడమకు. చివరికి నలభై కార్డుల డెక్, అందులో పదిహేడు ల్యాండ్లు, ఆడేవి ఇరవై మూడే. ఆ ఇరవై మూడూ తనే ఎంచుకున్నాడు కాబట్టి అప్పటికే ఒకసారి చదివి ఉన్నాడు. ఎక్కువ భాగం కామన్లే (తరచుగా దొరికే మామూలు కార్డులే), వాటి మీద రెండు మూడు లైన్లకు మించదు. ఎండ్యూర్ 2 అని ఉంటే ఆ క్రీచర్ మీద బలం పెంచే రెండు +1/+1 కౌంటర్లు పెట్టుకో, లేకపోతే 2/2 స్పిరిట్ టోకెన్ (డెక్‌లో లేని, ఆటలో పుట్టే క్రీచర్) తెచ్చుకో అని తెలుగులో ఒక్కసారి చెప్తే చాలు. మొబిలైజ్ అంటే ఇది దాడికి పోయినప్పుడు వెంట వారియర్ టోకెన్లు కూడా పోతాయి, ఆ టర్న్ చివర అవి తీసేయాలి. మావాడికి రెండో ఆటకే వచ్చేసింది. నాలుగో ఆటలో నన్ను ఓడించాడు, నిజంగా మంచి కార్డులు ఎంచుకుని ఓడించాడు. పదేళ్లుగా ఆడుతున్న వాడికీ నిన్న నేర్చుకున్న వాడికీ ఒకే కుప్పలోంచి కార్డులు రావడం వల్లనే ఇది కుదిరింది.

"బాక్స్ రెండు ఆదివారాల్లో అయిపోతుంది కదా" అని మీరంటారు. ఐదుగురం డ్రాఫ్ట్ చేస్తే ఒక్కసారికి 15 ప్యాకెట్లు, రెండుసార్లకు 30, లెక్క నిజమే. పోయినసారి వేరే సెట్‌కు మేం ఈ తప్పే చేశాం. ఆడినవి ఎవరివి వాళ్లు ఇంటికి తీసుకుపోయారు, ఒకతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, అతనితో పాటే ఆ కార్డులూ పోయాయి. ఈసారి ముందే మాట అనుకున్నాం, ఎంత మంచి రేర్ (అరుదైన కార్డు) వచ్చినా సరే ఎవరూ ఇంటికి తీసుకుపోవద్దని. 30 ప్యాకెట్లకు 14 చొప్పున 420 కార్డులు, అన్నీ ఒకే డబ్బాలో. ఆట అయ్యాక రేర్లు ఒక పక్క, అన్‌కామన్లు ఒక పక్క, మిగతావి ఒక పక్క పేర్చి, ఒక రేర్, మూడు అన్‌కామన్లు, పది మిగతావి కలిపి మళ్లీ ప్యాకెట్లు కడతాం. ప్రతివారం డబ్బాలో సగమే బయటికి వస్తుంది కాబట్టి ఏ వారం ఏ కార్డులు వస్తాయో ఎవరికీ తెలియదు. ఇప్పటికి ఏడుసార్లు ఆడాం, ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి లేదు. బేసిక్ ల్యాండ్లు మాత్రం బాక్సులో వచ్చినవి చాలవు, రంగుకు ఇరవై చొప్పున పాత డెక్‌లలోంచి తీసి పక్కన పెట్టుకోండి. స్లీవ్‌లకు (కార్డుల ప్లాస్టిక్ తొడుగులకు) కూడా డబ్బు ముందే కలుపుకోండి, ఈ ఎండలకు చెమట చేతులతో వట్టి కార్డులు నెల కూడా ఆగవు.

ఈ సెట్‌తో ఒక కష్టం ఉంది, అది దాచి చెప్పడం సరికాదు. ఐదు తెగలూ మూడేసి రంగులవి, ఏ రంగు కార్డు వేయాలన్నా ఆ రంగు ఇచ్చే ల్యాండ్ కావాలి. కొత్తవాడు మూడు రంగుల్లో నచ్చినవన్నీ తీసుకుని, తీరా ఆటలో సరైన ల్యాండ్ రాక చేతిలో ఆరు కార్డులు పట్టుకుని కూర్చుంటాడు, అలాంటప్పుడు ఎవరికైనా ఆట మీద మనసు విరుగుతుంది. దానికి మందు కూడా బాక్సులోనే ఉంది. 2014లో వచ్చిన ఖాన్స్ ఆఫ్ టార్కిర్‌లోని రెండు రంగుల కామన్ ల్యాండ్లు, ట్యాప్ అయి (వచ్చిన టర్న్‌లో వాడలేకుండా) వచ్చి ఒక లైఫ్ ఇచ్చేవి, ఈ సెట్‌లో మళ్లీ వచ్చాయి. వాటిని మా వాళ్లు మొదట్లో చివరి కార్డులుగా వదిలేసేవారు, ఇప్పుడు నాలుగో ఐదో ఎంపికకే తీసుకుంటున్నారు. కొత్తవాళ్లకు నేను చెప్పేది, రెండు రంగులు గట్టిగా పట్టుకోండి, మూడోది ల్యాండ్లు దొరికితేనే.

బాక్స్ అంటే ఎనిమిది మంది ఉండాలేమో అని కొందరు ఆగిపోతున్నారు, అక్కర్లేదు. ఇద్దరే ఉన్న రోజున ఆరు ప్యాకెట్లు కలిపి విన్‌స్టన్ డ్రాఫ్ట్ ఆడండి. మ్యాజిక్‌ను తయారు చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ ఇద్దరి కోసమే పెట్టిన పద్ధతి అది.

ఇక మిగతావి. కలెక్టర్ బూస్టర్లు దాచుకునేవాళ్ల కోసం, ఆడేవాళ్లకు అనవసరం. విడి కార్డులు కొనడం ఇప్పటికే డెక్ ఉండి దాన్ని బాగుచేసుకునేవాళ్లకు సరిపోతుంది. ఫోన్‌లో మ్యాజిక్ ఆడే అరీనా యాప్ ఉచితం, నేర్చుకోవడానికి బాగుంటుంది, కాకపోతే ఎదురుగా మనిషి ఉండడు. ఐదుగురిలో ఒక్కరికి కూడా ఆట రాదంటే మాత్రం టార్కిర్ జోలికి పోకుండా ఫౌండేషన్స్ బిగినర్ బాక్స్ తీసుకోండి, ఇరవై కార్డుల కట్టలు పది ఉంటాయి, ఏ రెండు కలిపినా ఒక డెక్.

పెద్దవాళ్లున్న ఇంట్లో ఆడేవాళ్లకు ఒక మాట. మా మేనమామ మొదటిరోజు గడప దగ్గరే నిలబడి "పత్తాలాడుతున్నరా?" అని గట్టిగానే అడిగాడు. డ్రాఫ్ట్ మధ్యలో ఆయన్ను కూర్చోబెట్టి డ్రాగన్ బొమ్మలు చూపించి, ఇందులో పైసల పందెం లేదని చెప్పాం. ఆ తర్వాత ఏమీ అనలేదు, డబ్బా ఇప్పుడు ఆయన బీరువాలోనే ఉంటుంది.

మహబూబ్‌నగర్ తమ్మీ, నీకు మాత్రం నా జవాబు వేరే. మీరు ముగ్గురే, అందులో ఇద్దరు సెలవులు అయిపోగానే తలో హాస్టల్‌కు పోతున్నారన్నావు. డబ్బా ఒక్కరి దగ్గర ఉండిపోతే మిగతా ఇద్దరికీ ఏమీ మిగలదు. మీరు డెక్‌లే తీసుకోండి, అబ్జాన్, మార్డు, టెమూర్. సుల్తాయ్ ఇప్పుడే వద్దు, గ్రేవ్‌యార్డ్‌లో ఏముందో ప్రతి టర్న్ చదువుకోవాలి, కొత్తలో కష్టం. ఆ మూడూ ఒకదానికొకటి సరిజోడే, పండక్కి మీరు మళ్లీ కలిసినప్పుడు ఎవరి డెక్ వాళ్ల బ్యాగులోనే ఉంటుంది.