మూణ్ణాళ్ల ముచ్చటగా వాడాల్సిన ముక్కు స్ప్రే

నేను హైస్కూలులో తెలుగు చెబుతాను. ముక్కు దిబ్బడ వేస్తే లెక్కల మాస్టారికి చికాకు మాత్రమే, నాకు ఉద్యోగానికే ఎసరు. రథసప్తమికి అరసవల్లిలో అర్ధరాత్రి నుంచి మంచులో క్యూలో నిలబడ్డాను. దర్శనంతో పాటు రొంప కూడా దక్కింది. రెండు రోజుల తర్వాత తొమ్మిదో తరగతిలో "నన్నయ" అనబోతే "దద్దయ" అని వచ్చింది. వెనక బెంచీ పగలబడి నవ్వింది. ఆ పూట నేను చెప్పాల్సిన పాఠం అనునాసికాలు కాకపోవడం ఒక్కటే నా అదృష్టం.

ఆ సాయంత్రం శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక మందుల దుకాణంలో అడిగితే ఆక్సీమెటాజోలిన్ 0.05 శాతం ఉన్న 10 మిల్లీలీటర్ల స్ప్రే చేతిలో పెట్టారు. చీటీ అడగలేదు. బీపీ ఉందా అని అడగలేదు. ఎన్ని రోజులు వాడాలో చెప్పలేదు.

మందు పనితనానికి వంక పెట్టను. ఒక్కో వైపు రెండుసార్లు నొక్కాను. కొద్ది నిమిషాల్లో దారి తెరుచుకుంది, వంటింట్లోని ఇంగువ పోపు వాసన మంచం దాకా వచ్చింది. ఇది జలుబును తగ్గించదు. ముక్కు లోపల ఉబ్బిన రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, అంతే. ఆ రాత్రి నోరు మూసుకుని తెల్లవారేదాకా నిద్రపోయాను.

వారం తిరిగేసరికి లెక్క మారింది. మొదట్లో పది గంటలు పనిచేసినది నాలుగు గంటలకే చాలించేది. సీసా చేతిసంచిలోకి, అక్కడి నుంచి సుద్దముక్కల డబ్బాలోకి చేరింది. రెండు పీరియడ్ల మధ్య స్టాఫ్ రూమ్ తలుపు వెనక నిలబడి కొట్టుకునేదాన్ని. మూడు వారాలకు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్తే, లోపల లైటు వేసి చూసి, "జలుబు ఎప్పుడో పోయిందమ్మా, ఇది ఈ మందు తెచ్చిన దిబ్బడ" అన్నారు. మందు ప్రభావం దిగినప్పుడల్లా లోపలి పొర మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుందట. అది తగ్గాలని మనం మళ్లీ కొడతాం. అప్పు తీర్చడానికి మరో అప్పు చేయడమే. దీనికి రైనైటిస్ మెడికామెంటోసా అని పేరు కూడా ఉంది.

ఇంటికొచ్చి అట్టపెట్టె తీశాను. మూడు రోజులకు మించి వాడరాదన్న మాట ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ చదవలేకపోయాను. రోజుకు రెండుసార్లే, మధ్య పది పన్నెండు గంటలు ఎడం ఉండాలి.

మానడానికి డాక్టరు చెప్పిన ఉపాయం ముందు ఒక రంధ్రంలో ఆపడం. కుడి ముక్కుతో బతుకుతూ ఎడమ ముక్కును ఎండబెట్టాను. తోడుగా ఉప్పునీటి స్ప్రే, స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చారు. ఈ రెండోది వెంటనే ఏమీ తేల్చదు, గుణం కనబడడానికి రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. మొదటి మూడు రాత్రులు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే కునుకు తీశాను. పది రోజులకు ఎడమ వైపు తెరుచుకుంది. తర్వాత కుడి వంతు.

కొట్టుకునే తీరు కూడా తప్పేనని అప్పుడే తెలిసింది. నేను చుక్కల మందులా తల వెనక్కి వాల్చేదాన్ని, చేదంతా గొంతులోకి జారేది. ముక్కు చీదుకుని, తల నిటారుగా ఉంచి, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడాలి. అప్పుడు మొన మధ్య గోడకు తగలకుండా చెవి వైపు తిరుగుతుంది. తర్వాత మొన తుడిచి మూత పెట్టాలి. ఒకరి సీసా ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇచ్చే ప్రమాదం మా ఇంట్లోనే తృటిలో తప్పింది. మా వారికి బీపీ. నా సీసా తీసి మూత విప్పారు కూడా. బీపీ, గుండె జబ్బు, థైరాయిడ్, గ్లకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు. పసిపిల్లలకు అందేచోట అసలే ఉంచకూడదు. ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా ప్రాణం మీదికి రావచ్చు. మాది ఇప్పుడు బీరువా పై అరలో ఉంది, తెరిచిన తేదీ మార్కరుతో రాసి.

మూడు రోజుల వాడకానికైతే ఐదుకు నాలుగున్నర వేస్తాను. ఆ అర మార్కు కోసింది అట్టపెట్టె మీది దస్తూరికి.